వెనక నుంచి చూస్తే

శనివారం సాయంత్రం అమ్మ కుట్టుమిషను తొక్కుతూ చెప్తుంటే, నా పాత నోట్సు ఆఖరి పేజీలో నేను రాసుకున్న పనులు ఇవి:

ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టాలి. ఆ కవరును ఇంకో కవర్లో పెట్టాలి.
జిరాక్సులు మూడు సెట్లు తీయించాలి.
నాన్న తెల్లచొక్కాకు ఊడిన గుండీ కుట్టాలి.
ఆరు గుడ్లు ఉడకబెట్టాలి. ఉప్పు పొట్లం మరిచిపోకూడదు.
నాన్న రంగుల డబ్బాలు ఇంట్లోనే వదిలి బయల్దేరేలా చూడాలి.
సోమవారం పొద్దున పదింటికి ఆఫీసులో ఉండాలి.
ఎలా వెళ్ళాలో నాన్న చూసుకోవాలి.

ఆఖరి పని రాసేటప్పుడు నా కలం ఆగింది. అమ్మ మాత్రం అది కూడా ఉప్పు పొట్లం లాంటి పనే అన్నట్టు చెప్పేసి, దారం తెంపి, మళ్ళీ మిషను తొక్కింది.

ఉత్తరం నా చేతికి వచ్చింది శుక్రవారం. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ పెద్ద ఊళ్ళో, బీచి నిర్వహణ ఆఫీసులో సమాచార సహాయకురాలి ఉద్యోగం. మూడు నెలలు పని చూస్తారు, నచ్చితే ఉంచుకుంటారు. సోమవారం పదింటిలోగా ఒరిజినల్స్‌తో స్వయంగా హాజరు కావాలి, లేకపోతే జాబితాలో తర్వాతివారికి ఇచ్చేస్తామని కింద గీత గీసి మరీ రాశారు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. కూలి అనే మాట తప్ప జీతం అనే మాట ఆ ఇంటి గోడలు అప్పటిదాకా విన్నవి కావు.

మా ఊరి నుంచి మూడు వందల కిలోమీటర్లు. వేసవి సెలవులు కావడంతో లోకమంతా అటే వెళ్తోంది. రైల్లో నిలబడేందుకు కూడా చోటు లేదు. బస్సులు నెల ముందే నిండిపోయాయి. ప్రైవేటు బస్సతను ఒక సీటుకు చెప్పిన రేటు విని నాన్న, "సీటు అమ్ముతున్నావా, బస్సు అమ్ముతున్నావా నాయనా?" అని అడిగి వచ్చేశాడు.

అప్పుడు అమ్మ అంది: "ముప్పై ఏళ్ళుగా లారీల వెనక రాస్తున్నారు. ఈ రోడ్డు మీద తిరిగే వాటిలో సగం మీ రాత మోసుకునే తిరుగుతున్నాయి. మన పిల్ల కోసం ఒక్కటి ఆగదా?"

"ఎందుకాగదు!" అన్నాడు నాన్న. ఆ మాట ఆయనకే నచ్చింది. ఇంకోసారి అన్నాడు.

నాన్న లారీల యార్డులో పెయింటరు. కొత్త లారీ వచ్చినా, పాతదానికి మరమ్మతు జరిగినా, వెనక చెక్క మీద 'హారన్ కొట్టండి', 'దూరం పాటించండి', 'అమ్మ దీవెన' లాంటివి రాసి, పక్కన గద్దనో తామరపువ్వునో వేసేవాడు. అమ్మ అదే యార్డులో లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టేది. రెండేళ్ళ కిందట యార్డు గేటు పక్కన స్టిక్కర్ల దుకాణం వచ్చింది. గంటలో అతికించి పంపేస్తారు. నాన్నకు వారానికి ఒక బండి దొరికితే గొప్ప. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళం కాదు.

ఆదివారం తెల్లవారుజామున కూరగాయల వ్యానొకటి మమ్మల్ని పెద్ద రోడ్డు కూడలి దాకా దింపింది. అక్కడ చెట్టు కింద టీ బండి పక్కన నిలబడ్డాం. నాన్న తెల్లచొక్కాలో, నేను సర్టిఫికెట్ల ఫైలు గుండెకు హత్తుకుని.

అరగంటలోనే మా ప్రయాణంలో ఉన్న చిక్కు బయటపడింది. నాన్నకు ఆ లారీలన్నీ తెలుసు. కానీ వెనక నుంచే తెలుసు.

"నాన్నా, అది మన యార్డు బండేనా?" అని నేను దూరం నుంచే చూపించేదాన్ని.

"ఏమో అమ్మడూ. ముందు నుంచి అన్నీ ఒకలాగే ఏడుస్తాయి."

లారీ మమ్మల్ని దాటిపోయేది. దాని వెనక చెక్క కనపడగానే నాన్న గావుకేక పెట్టేవాడు. "అరెరే, నా గద్ద! ఎడమ రెక్కకు ఏడు ఈకలు, చూడు! ఓ బాబూ, ఆగు! ఓయ్!" దుమ్ములో నాలుగడుగులు పరుగెత్తి, మోకాలు పట్టుకుని ఆగిపోయేవాడు. ఆయన కుడి మోకాలు అప్పటికే అరిగిపోయింది. ముప్పై ఏళ్ళు గొంతుక్కూర్చుని రాసిన మోకాలది.

మధ్యాహ్నానికి నాన్న పదకొండు లారీలను గుర్తుపట్టాడు. పదకొండూ వెళ్ళిపోయాయి.

టీ బండి పెద్దమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏమయ్యా, నీకు వెళ్ళిపోయినవాళ్ళే చుట్టాలా? వచ్చేవాళ్ళలో ఎవరూ లేరా?"

"ఉన్నారమ్మా. మొహాలు గుర్తు లేవు, అంతే."

"నా మొగుడూ అంతే. నన్ను గిన్నెలు తోముతుంటే వెనక నుంచి గుర్తుపడతాడు. ముందుకొస్తే ఎవరు నువ్వు అన్నట్టు చూస్తాడు." ఆవిడ మాకు రెండు టీలు ఊరికే ఇచ్చింది. మేము రెండు గుడ్లు ఇచ్చాం.

నాకు ఏడుపు ఒకటే తక్కువ. పుస్తకాల్లో చదువుకున్న బుర్ర కదా, ఒక ఉపాయం చెప్పాను. "అట్ట ముక్క మీద ఎక్కడికి వెళ్ళాలో పెద్దగా రాసి పట్టుకుంటే? చదివినవాళ్ళు ఆగుతారు. కానీ రంగులు లేవుగా."

నాన్న టీ బండి దగ్గరికి వెళ్ళాడు. పెద్దమ్మ ఇచ్చిన బిస్కెట్ల అట్టపెట్టె చింపి నేల మీద పరిచాడు. సంచిలో అడుగున, నా చున్నీకి చుట్టి ఉన్న మూడు చిన్న డబ్బాలూ, తుండుగుడ్డలో నాలుగు బ్రష్షులూ బయటికి తీశాడు. జాబితాలో ఐదో పని అక్కడితో చెడింది.

"అమ్మకు చెప్పకు," అన్నాడు.

"నా చున్నీకే చుట్టావా?"

"చూస్తావని అనుకోలేదు."

'సముద్రం దాకా' అని రాయడానికి నాన్నకు నలభై నిమిషాలు పట్టింది. అక్షరాలకు నీడలు వేశాడు. కింద రెండు అలలు వేశాడు. అలల మీద నురుగు కూడా వేయబోతుంటే నేను చెయ్యి పట్టుకున్నాను. ఆ నలభై నిమిషాల్లో ఎన్ని లారీలు వెళ్ళాయో లెక్కపెట్టడం నేను మానేశాను. కానీ ఆ అట్ట పట్టుకున్న పది నిమిషాలకే గుడ్ల వ్యానొకటి ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టి అడిగిన మొదటి మాట, "ఎక్కడికి?" అని కాదు. "ఎవరు రాశారిది?"

గుడ్ల వ్యాను సముద్రానికి డెబ్బై కిలోమీటర్ల ఇవతల ఉన్న పెట్రోలు బంకు దాకా తీసుకెళ్ళింది. అక్కడ అది వేరే దారిన తిరిగిపోవాలి. ఆ రాత్రి బంకు వరండాలో అమ్మ ఇచ్చిన టార్పాలిన్ ముక్క పరుచుకుని పడుకున్నాం.

సోమవారం ఆరున్నరకు, అట్ట పైకెత్తగానే, ఒక లారీ మా ముందు బుస్సుమని ఆగింది. నాన్న ముఖం వెలిగిపోయింది. "దేవుడిలా వచ్చావు బాబూ," అంటూ తలుపు పిడి పట్టుకుని తల పైకెత్తాడు.

లోపల మీసాలాయన ఉన్నాడు.

ఆయన గురించి చెప్పాలి. సొంత లారీ, సొంతంగా నడుపుకుంటాడు. మీసం చెవుల దాకా ఉంటుంది, అందుకే యార్డులో అందరూ మీసాలాయన అంటారు. ఆయన లారీ వెనక 'నిదానమే ప్రధానం' అని నాన్న రాసింది నేను పుట్టిన ఏడు. రెండేళ్ళకోసారి అదే మళ్ళీ దిద్దేవాడు. స్టిక్కర్ల దుకాణం తెరిచిన మొదటి వారంలోనే మీసాలాయన ఆ అక్షరాలు గీకించేసి, అక్కడ మెరిసే పులి స్టిక్కరు అతికించాడు. గీకుతున్నప్పుడు నాన్న అక్కడే ఉన్నాడు. యార్డంతా వింటుండగా, "ఇక నీ బండి మీద నా చెయ్యి పడదు, నా కాలూ పడదు," అన్నాడు. ఆ రోజు తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఎదురుపడితే ఒకరు టైర్లు చూసేవారు, ఒకరు ఆకాశం చూసేవారు.

ఇప్పుడు చూడటానికి టైర్లూ లేవు, ఆకాశమూ లేదు. నాన్న చెయ్యి పిడి మీదే ఉంది. వెనక చెక్క ముందుగా కనపడి ఉంటే ఆయన చెయ్యి ఎత్తేవాడే కాదు.

"ఎక్కుతావా, ఎక్కవా?" అన్నాడు మీసాలాయన. "వెనక బండ్లు హారన్ కొడుతున్నాయి. నువ్వు రాసిందే కదా, హారన్ కొట్టండని."

నాన్న వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నన్ను కాదు, నా చేతిలో ఫైలును చూశాడు. మెట్టు మీద కాలు పెట్టి ఎక్కాడు. తర్వాత చెయ్యి చాపి నన్ను పైకి లాగాడు.

"కాలు పెట్టనన్నావుగా?" మీసాలాయన గేరు వేస్తూ అన్నాడు.

"కాలెక్కడ పెట్టాను? చెప్పు పెట్టాను."

నాన్న మధ్యలో కూర్చున్నాడు. గేరు మార్చినప్పుడల్లా ఆ కర్ర వచ్చి ఆయన చెడ్డ మోకాలికి తగిలేది.

"కొంచెం కాలు తియ్యి."

"ఎక్కడికి తియ్యను? ఇంట్లో పెట్టి రానా?"

నాకు నవ్వొచ్చింది. నేను నవ్వితే మీసాలాయన మీసం కూడా కొంచెం కదిలింది. "ఎక్కడికి తల్లీ ప్రయాణం?" అని నన్నడిగాడు. చెప్పాను. డిగ్రీ, ఉత్తరం, పది గంటలు, తర్వాతి వారు, అన్నీ. ఆయన వేగం పెంచాడు. "మావాడు పదో తరగతిని మూడేళ్ళ నుంచి ప్రేమిస్తున్నాడు, వదలటం లేదు," అన్నాడు. ఆ మాటకు నాన్న కూడా నవ్వాడు. నవ్వినట్టు తెలియకూడదని దగ్గాడు.

"పులి ఎలా ఉంది?" అని నాన్న రోడ్డు చూస్తూ అడిగాడు.

"బాగానే ఉంది," అని మీసాలాయన కూడా రోడ్డునే చూస్తూ చెప్పాడు.

ఎనిమిదింటికి ఊరి పొలిమేర చేరాం. అక్కడితో లారీ ఆగిపోయింది. మా ముందు కార్లు, బస్సులు, కార్ల మీద కట్టిన పెట్టెలు, కిటికీల్లోంచి వేలాడే గాలి దిండ్లు, సముద్రం దాకా ఒకటే వరస. పావుగంటలో లారీ తన పొడవంత దూరం కూడా కదల్లేదు. మా లారీ నిండా హోటళ్ళకు వెళ్ళే ప్లాస్టిక్ కుర్చీలు. మాకూ కూర్చోవడం తప్ప ఇంకే దారీ లేదు.

"బీచి ఆఫీసు ఇక్కడికి ఎంత?" నాన్న అడిగాడు.

"నాలుగు కిలోమీటర్లు. కొంచెం ఎక్కువే. ఇది పన్నెండుకు కూడా తెమలదు."

ఇంకో గంట చూశాం. నాన్న నా చేతి గడియారం వైపు వంగి చూశాడు. నన్ను దాటుకుని, పిడి పట్టుకుని, నెమ్మదిగా ఒక్కో కాలే కిందికి దింపుకుని దిగాడు. సంచి తీసుకుని లారీ వెనక్కి నడిచాడు. నడుద్దాం అంటాడని నేనూ దిగి వెంట వెళ్ళాను.

పులికి ఒకటే కన్ను మిగిలింది. ఎండకు తోక ఎగిరిపోయింది, మీసాలు ముడుచుకుపోయాయి. దూరం నుంచి చూస్తే పండిన గుమ్మడికాయలా ఉంది. నాన్న దాని ముందు నిలబడి సంచి విప్పుతున్నాడు.

"నాన్నా! ఏం చేస్తున్నావు? టైమైపోతోంది!"

"నువ్వు పద అమ్మడూ. దీన్నిలా చూడలేకపోతున్నాను."

"నువ్వు రావా?"

"దీని పని చూసి వస్తాను." గోటితో పులి చెవి పట్టి లాగాడు. బర్రున సగం పులి ఊడి వచ్చింది. తుండుగుడ్డతో దుమ్ము తుడిచి, పసుపు డబ్బా మూత తీసి, మొదటి అక్షరం మొదలుపెట్టాడు. ని. అంతలో లారీ మూడడుగులు కదిలింది. బ్రష్షు గాల్లోనే ఉంచి నాన్న కూడా దానితో మూడడుగులు నడిచాడు. మళ్ళీ ఆగింది. మళ్ళీ గీత మొదలుపెట్టాడు. వెనక కారులో పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బడిలో చేర్పించినప్పుడు, పరీక్షలప్పుడు, కాలేజీ సీటుకు వెళ్ళినప్పుడు, నేను లోపలికి వెళ్ళిన ప్రతి గేటు బయటా నాన్న నిలబడి ఉన్నాడు. ఇవాళ, అన్నిటికన్నా పెద్ద గేటు ముందు, ఆయనకు లారీ ముఖ్యమైపోయింది. అదీ 'నిదానమే ప్రధానం' అని రాయడానికి!

"చెయ్యి పడదన్నావుగా?" అన్నాను, గట్టిగానే.

"బ్రష్షు కదా పడుతోంది," అన్నాడు వెనక్కి చూడకుండా.

నేను నడిచాను. తర్వాత పరుగెత్తాను. బకెట్లూ గొడుగులూ పట్టుకున్న కుటుంబాల మధ్య నుంచి, గదులు ఖాళీ లేవని బోర్డు పెట్టిన హోటళ్ళ ముందు నుంచి, బుడగలమ్మేవాళ్ళను దాటుకుంటూ. ఏదో మలుపులో జడ రిబ్బను ఊడిపోయింది. తీసుకోవడానికి ఆగలేదు. సముద్రాన్ని నేను మొదటిసారి చూసింది ఆ రోజే, కానీ చూసినట్టు గుర్తు లేదు. ఆఫీసు గోడ మీది గడియారం గుర్తుంది. పదికి నాలుగు నిమిషాలు తక్కువ.

వరండాలో బెంచీ మీద నా వయసు అమ్మాయి ఒకతె, మోకాళ్ళ మీద ఫైలు పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను, నా ఉత్తరాన్ని చూసింది. తన ఫైలు మూసి సంచిలో పెట్టుకుంది. జాబితాలో తర్వాతి వారు. వెళ్తూ వెళ్తూ తన నీళ్ళ సీసా నా చేతిలో పెట్టి, "ముందు తాగండి, అలా వగరుస్తూ లోపలికి వెళ్ళకండి," అంది. ఆ అమ్మాయికి ఎక్కడో మంచి ఉద్యోగం వచ్చే ఉంటుంది.

సూపరింటెండెంటు మేడమ్ నా పైకవరు చెమటకు తడిసి ఉండటం చూసి, లోపలి కవరు తీసి, పొడిగా ఉన్న సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ పేర్చింది. "రెండు కవర్లు ఎవరు వేశారు?"

"అమ్మ అండీ."

"అనుకున్నాను. సరే, సంతకం పెట్టు. ఇవాళ జనం చూశావుగా. శిక్షణ రేపు. ఇప్పుడెళ్ళి మైకు ముందు కూర్చో."

నా ఉద్యోగం అదీ. ఇసుక మొదలయ్యే చోట చెక్క గది, ముందు సముద్రం, వెనక రోడ్డు, బల్ల మీద మైకు. తప్పిపోయినవాళ్ళ గురించి చెప్పడం, దొరికినవాళ్ళను కూర్చోబెట్టడం. పన్నెండులోపల నలుగురు పిల్లలు, ఒక నాయనమ్మ, భార్యను పోగొట్టుకున్నానని వచ్చి ఆవిడ పేరు చెప్పడానికి తడబడిన ఒక పెద్దమనిషి. అందరూ దొరికారు.

ఒంటిగంటకు మేడమ్ చూడటానికి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. "మేడమ్, మా నాన్న కూడా తప్పిపోయారు." ఫోను ఉన్నది ఇంటికి ఒకటే, అది నా సంచిలోనే ఉంది.

ఆవిడ కళ్ళద్దాల మీంచి చూసింది. "చేరిన రోజే సొంత కేసా? చెప్పు, చెప్పు."

మైకులో చెప్పాను. వయసు అరవై. తెల్లచొక్కా. చేతులకు పసుపు రంగు. కుడికాలు కొంచెం ఈడ్చి నడుస్తారు. పెయింటరు. పది నిమిషాల్లో జనం ముగ్గురిని పట్టుకొచ్చారు. ఒకాయన చేతులకున్నది మామిడి ఐస్‌క్రీము. ఒకాయన తనకెవరూ కూతుళ్ళు లేరని, ఉంటే బాగుండునని అన్నాడు. మూడో ఆయన నీడలో కుర్చీ దొరికిందని కూర్చుని వెళ్ళలేదు.

నేను సముద్రం వైపు, జనం ముఖాల వైపు చూస్తూనే ఉన్నాను. వెనక నుంచి మాట వినపడింది.

"జడ ఊడిపోయింది, చూసుకోలేదా?"

తిరిగి చూస్తే, వెనక కిటికీలో నాన్న.

"ఇంత జనంలో ఎలా కనుక్కున్నావు?"

"రోడ్డు మీంచి వచ్చాను కదా. వెనక నుంచి కనపడ్డావు." గొంతు తగ్గించి అన్నాడు, "అరవై అని ఊరంతా చెప్తావా? యాభై ఎనిమిది. చేరావా?"

"చేరాను."

నాన్న తల ఊపాడు. తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు. ముఖమంతా పసుపు అయింది.

ఆయన వెనక ఒక లావుపాటి ఆవిడ నిలబడి ఉంది. బీచిలో అద్దె పడవలన్నీ ఆవిడవే. ఆ పొద్దున మీసాలాయన లారీ వెనక ఇరుక్కున్న బండ్లలో ఆవిడ బండి కూడా ఒకటి. గంటన్నర పాటు కదిలే లారీ మీద అక్షరాలు పుట్టడం చూసిందట. "మా ఇరవై రెండు పడవలకూ రాయాలి పెయింటరుగారూ. అవైనా కాసేపు కదలకుండా ఉంటాయి," అందట.

ఒక్క పూటకని వచ్చిన నాన్న అలా ఆ వేసవంతా ఉండిపోయాడు. బట్టలుతికే దుకాణం మీద ఒక గది తీసుకున్నాం. చుట్టూ హోటళ్ళ దుప్పట్లు ఆరుతూ ఉండేవి. కిటికీ తీస్తే తెల్లటి గోడలు ఊగినట్టు ఉండేది.

పడవలామెకూ నాన్నకూ రోజూ గొడవే. పడవకు పేరూ బొమ్మా ముక్కు మీద ఉండాలని ఆవిడ. వెనక ఉండాలని నాన్న.

"గిరాకీ ముందు నుంచి వస్తారయ్యా! వెనక ఎవరు చూస్తారు?"

"ఎక్కేవాళ్ళు ముందు చూస్తారమ్మా. ఒడ్డున నిలబడ్డవాళ్ళకు కనపడేది వెనకే. వాళ్ళ పిల్లలు వెళ్తున్నది ఏ పడవలోనో తెలియొద్దూ?"

చివరికి రెండు వైపులా రాయించింది. నాన్న చెప్పిందే నా పనికొచ్చింది. పిల్లలు పడవెక్కి రాలేదని కంగారుగా పరుగెత్తుకొచ్చిన తల్లులను నేను అడిగే మొదటి ప్రశ్న మారింది. "పడవ వెనక ఏముందండీ?" ఎర్ర చేప అనో, రెండు గొడుగులనో చెప్పేవాళ్ళు. నేను మైకులో చేపను పిలిచేదాన్ని, చేప ఒడ్డుకు వచ్చేది. ఈ పద్ధతి ఎవరిదని మేడమ్ అడిగింది. మా నాన్నదని చెప్పాను. మూడు నెలలు గడవక ముందే నన్ను ఉంచుకుంటున్నట్టు కాగితం ఇచ్చింది.

కానీ ఆ పొద్దుటి కోపం నాలో ఒక మూల అలాగే ఉంది. నాన్న అడగలేదు, నేను చెప్పలేదు.

వేసవి చివర్లో, గాలి మారి మొదటి చినుకులు పడిన రోజున, అమ్మ వచ్చింది. కుట్టుమిషనుతో సహా వచ్చింది. పడవల గొడుగులన్నీ చిరిగి ఉన్నాయని, కుట్టేవాళ్ళు కావాలని నాన్న కబురు చేశాడు. అమ్మ కూడలికీ వెళ్ళలేదు, అట్టా పట్టుకోలేదు. యార్డులో నిలబెట్టిన లారీల వెనక వైపు నడుచుకుంటూ వెళ్ళి, మొగుడి రాత కొత్తగా కనపడిన చోట ఆగి, ముందుకెళ్ళి తలుపు కొట్టిందట. అది మీసాలాయన లారీ.

"పెళ్ళయి పాతికేళ్ళయింది, ఈ చిన్న సంగతి తోచలేదు ఈయనకు," అంది అమ్మ దిగుతూనే. తర్వాత నాన్న వైపు తిరిగింది. "ఐదో పని చేయలేదట?"

నాన్న నన్ను చూశాడు. నేను ఆకాశం చూశాను.

మీసాలాయనా నేనూ కలిసి మిషను దింపుతుంటే ఆయన అన్నాడు, "ఆ రోజు భలే తిప్పలు పెట్టాడు తల్లీ మీ నాన్న. నువ్వు వెళ్తుంటే కేబిన్‌లోకి వచ్చి ముందద్దంలోంచి చూస్తాడు, మళ్ళీ దిగుతాడు. 'నేనూ వెళ్తే నా కాలితో సమానంగా నడుస్తుంది, నాకు తెలుసు, వదిలేసి పోదు,' అని ఒకటే గొణుగుడు. నువ్వు మలుపు తిరిగేసరికి బ్రష్షు ఆరిపోయింది. అక్షరాలయ్యాక మూలన ఏదో తాడు గీశాడు. ఏమిటయ్యా అంటే చెప్పడు."

మిషను నా వైపు కొసను నేల మీద పెట్టేశాను. లారీ వెనక్కి వెళ్ళాను.

'నిదానమే ప్రధానం'. పసుపు అక్షరాలు, ఎర్ర నీడలు. లారీ కదిలిన చోట ఒక గీత కొంచెం జారింది. కింద ఎడమ మూలన, బొటనవేలంత, నల్లటి మూడు పాయలు. చివర రిబ్బను సగం ఊడి గాల్లో ఎగురుతోంది.

చేత్తో తడిమి చూశాను. మిగతా రంగు కన్నా అక్కడ కొంచెం మందంగా ఉంది.

"ఇంకా ఎంతసేపు? మిషను వర్షంలో తడుస్తోంది," అని అమ్మ కేక వేసింది. నేను వెళ్ళి రెండో వైపు పట్టుకున్నాను. నాన్న మొదటి వైపు పట్టుకున్నాడు. మెట్లెక్కేటప్పుడు ఆయన కాలితో సమానంగా ఎక్కాను.

ఆ తర్వాత మేము పాత ఊరికి వెళ్ళింది మిగిలిన సామాను తెచ్చుకోవడానికే. నాన్న ఈ ఊరి పడవలకూ, సామాను దింపడానికి వచ్చిన లారీలకూ ఇంకో పదకొండేళ్ళు రాశాడు, ప్రతిదాని కింద ఎడమ మూలనా ఆ మూడు పాయలు గీశాడు. ఇప్పుడు చూపు ఆనడం లేదు, బ్రష్షు పట్టడం లేదు. సాయంత్రాలు నా చెక్క గది వెనక కుర్చీ వేసుకుని, రోడ్డు వైపు కాకుండా నా వైపు తిరిగి కూర్చుంటాడు. ఇప్పుడూ నా జడ వంకరగా ఉంటే చెప్తాడు. అది మాత్రం కనపడుతుంది.

ఆయన తన రాత కింద ఎక్కడా పేరు పెట్టుకోలేదు. అందుకని మిమ్మల్ని ఒక చిన్న సాయం అడుగుతున్నాను. ఏ సెలవుల్లోనో, ఏ సముద్రానికో వెళ్తూ ఒక లారీ వెనక ఇరుక్కుపోతే, హారన్ కొట్టే ముందు ఒకసారి కింద ఎడమ మూలకు చూడండి. చాలామంది అది తాడు అనుకుంటారు. కొందరు పాము అనుకుంటారు. అది జడ. దాన్ని వేసినాయన కుడికాలు కొంచెం ఈడ్చి నడుస్తారు. ఆ రోజు నాతో రాకుండా వెనకే నిలబడిపోయారు. లారీ కదిలే లోపు ఆయన్ను ఒక్కసారి తలుచుకోండి.